గాలిలోంచి కరెంటు తీసే పెట్టె: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది మదనపల్లె, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. కేఆర్ పురంలో ఉండే మా బావగారు ఈమధ్యే రిటైరయ్యారు. ఆరు నెలల కిందట ఒక కంపెనీ వాళ్లు ఆయన అపార్ట్‌మెంటుకు వచ్చి, సెల్ టవర్ల రేడియో తరంగాల నుంచి కిలోవాటు కరెంటు తీసే పెట్టె అంటూ డెమో ఇచ్చారు. బావగారు లక్షా ఎనభై వేలు పెట్టి పెట్టె కొన్నారు. డీలరుగా చేరితే నెలకు పన్నెండు వేలు గ్యారంటీ అంటే మూడు లక్షలు డిపాజిట్ కట్టారు, ఇద్దరు స్నేహితులను కూడా చేర్పించారు. ఆయన పెట్టె నాలుగు రోజులు సాయంత్రాలు ఒక తొమ్మిది వాట్ల బల్బు వెలిగించి ఆగిపోయింది. ఒక స్నేహితుడిది కొత్తది, ఇంకా వెలుగుతోంది. కంపెనీని అడిగితే మీ ఏరియాలో సిగ్నల్ తక్కువ అంటున్నారు. టెక్నీషియన్ వచ్చి మీటరు బోర్డు నుంచి పెట్టెకు ఒక వైరు లాగి వెళ్లాడు. పేటెంటు, గవర్నమెంటు సర్టిఫికెట్ ఉన్నాయంటారు. రసీదు మీద ‘డబ్బు వాపసు లేదు, సీలు తీస్తే వారంటీ లేదు’ అని ఉంది. ఫాస్టాగ్‌లో బ్యాటరీ లేదు కదా, అది పనిచేయట్లేదా అని బావగారు నన్నే అడుగుతున్నారు. ఇది మోసమని నేను వాళ్ల అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో రాస్తే, యాభై లక్షల పరువునష్టం అంటూ నోటీసు వచ్చింది. నేను బీకాం చదివాను. ఇది అబద్ధమని కోర్టులో ఎలా రుజువు చేయాలి?

జవాబు: ముందు ఆ చివరి ప్రశ్న సంగతి తేల్చుకుందాం. రుజువు చేయాల్సింది మీరు కాదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతులు ఏవేవో చెబుతుంది. సరైన పరీక్ష లేకుండా ఒక వస్తువు ఇంత పనిచేస్తుందని గ్యారంటీ ఇవ్వడం వాటిలో ఒకటి. ‘మేం పరీక్ష చేయించాం’ అని అమ్మినవాడు అంటే, ఆ సంగతి రుజువు చేసే భారం అతని మీదే ఉంటుందని అదే సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ‘కాదని మీరు నిరూపించండి చూద్దాం’ అని దబాయించి ఇలాంటివాళ్లు చదువుకున్నవాళ్ల నోళ్లు కూడా మూయిస్తున్నారు. ఆ దబాయింపు వినియోగదారుల కమిషన్ ముందు చెల్లదు. కిలోవాటు వస్తుందన్నాడు కాబట్టి ఏ ల్యాబ్‌లో, ఎంత లోడు పెట్టి, ఎన్ని గంటలు నడిపి చూశాడో ఆ రిపోర్టు అతనే తేవాలి.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోమనడం లేదు. బావగారికి నమ్మకం పోవాలి కదా. ఆయన ప్రశ్న న్యాయమైనదే. ఫాస్టాగ్‌లో బ్యాటరీ లేని మాట నిజం. టోల్ గేటు మీద ఉన్న రీడరు కొన్ని మీటర్ల దూరం నుంచి దానివైపే తరంగాలు పంపుతుంది. వాటి నుంచి ట్యాగుకు అందేది మైక్రోవాట్లలో ఉంటుంది, తన నంబరు తిప్పి చెప్పడానికి చిప్‌కు అది చాలు. తొమ్మిది వాట్ల బల్బుకు కావాల్సింది 90 లక్షల మైక్రోవాట్లు. నిజమైన చిన్న సంగతిని చూపించి దాని పక్కన పెద్ద అబద్ధాన్ని నిలబెట్టడం ఈ వ్యాపారంలో అసలు కిటుకు. శాస్త్రవేత్త నికోలా టెస్లా పేరు కూడా అందుకే వాడతారు. గాలిలోంచి కరెంటు పంపాలని ఆయన న్యూయార్క్ దగ్గర 1901లో టవర్ కట్టడం మొదలుపెట్టిన మాట నిజమే. అది పూర్తిగా పనిలోకి రాకుండానే 1917లో కూల్చేశారు.

ఇక బీకాం చదివిన మీకు సులువుగా పట్టుబడే లెక్క ఒకటి చెబుతాను. ఇది ప్రభుత్వ నిబంధనలోంచి వచ్చిన లెక్క కాబట్టి ఫిర్యాదులో కూడా రాయొచ్చు. సెల్ టవర్ల నుంచి జనం ఉండే చోటికి ఎంత రేడియేషన్ రావొచ్చో టెలికం శాఖ పరిమితి పెట్టింది. 2012 సెప్టెంబర్ 1 నుంచి అమలైన ఆ నియమం ప్రకారం 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 0.45 వాటు. అంతర్జాతీయ పరిమితిలో అది పదో వంతు. అంతకు మించితే టవర్ కంపెనీది తప్పు. ఇప్పుడు మీ పెట్టె సంగతి చూడండి. గాలిలో ఆ గరిష్ఠ స్థాయి ఉందనుకుందాం, పడిన ప్రతి తరంగాన్నీ వృథా లేకుండా కరెంటుగా మార్చారనీ అనుకుందాం. అప్పుడు కూడా కిలోవాటు తీయడానికి 2,200 చదరపు మీటర్ల యాంటెనా కావాలి. బెంగళూరు భాషలో చెప్పాలంటే 30×40 అడుగుల సైట్లు దాదాపు ఇరవై. పదింతలు ఎక్కువ ఉండే అంతర్జాతీయ పరిమితే తీసుకున్నా రెండు సైట్లు నిండా పరచాలి. వీధిలో మామూలుగా ఉండే స్థాయి ఈ గరిష్ఠ పరిమితికి చాలా తక్కువ. ‘మీ ఏరియాలో సిగ్నల్ తక్కువ’ అన్న మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. చట్టం ఒప్పుకునేంత సిగ్నల్ పూర్తిగా ఉన్నా ఆ సైజు పెట్టె కిలోవాటు ఇవ్వలేదు.

మరి నాలుగు రోజులు బల్బెలా వెలిగింది? మీరు చెప్పిన ప్రకారం రోజుకు ఆరు గంటలు వెలిగిందనుకున్నా మొత్తం 216 వాట్-అవర్లు. లాప్‌టాప్ బ్యాటరీల్లో ఉండే లిథియం సెల్లు ఇరవైకి పైగా ఉంటే అంత వస్తుంది, వాటి బరువు ఒక కిలో. పెట్టె తెరవకుండా లోపల ఏముందో నేను చెప్పలేను. మీరూ తెరవకండి, ఎందుకో తరవాత చెబుతాను. కానీ స్నేహితుడి పెట్టె ఇంకా వెలుగుతోందన్నారు కదా, దానితో ఒక పరీక్ష చేయొచ్చు. ఒక ఇనుప ట్రంకు పెట్టె తీసుకోండి. అందులో ఫోను పెట్టి, మూత వేసి, వేరే ఫోను నుంచి రింగ్ చేయండి. రింగ్ అవుతుంటే సందులన్నీ వంటింటి ఫాయిల్‌తో మూసి, ‘అందుబాటులో లేదు’ అని వచ్చేదాకా చుట్టండి. అంటే లోపలికి తరంగాలు పోవడం ఆగిందన్నమాట. అప్పుడు ఆ పెట్టెను, బల్బును, వీడియో తీస్తున్న ఫోనును కలిపి ట్రంకులో పెట్టి ఒక పది నిమిషాలు మూసి ఉంచండి. ఒక్క వైరు కూడా బయటికి రాకూడదు, వస్తే అదే యాంటెనా అయిపోతుంది. తీశాక వీడియో చూడండి. తరంగాలు అందని చోట కూడా బల్బు వెలుగుతూనే ఉంటే, ఆ కరెంటు తరంగాలది కాదు. ట్రంకు సర్దడం, మూయడం, తెరవడం బయటి నుంచి ఇంకో ఫోనుతో ఆపకుండా తీయించండి. అపార్ట్‌మెంటులో సంబంధం లేని ఇద్దరిని సాక్షులుగా నిలబెట్టండి.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా భయపెడుతున్న విషయానికి వస్తాను. అది మీటరు బోర్డు నుంచి లాగిన వైరు. విద్యుత్ చట్టం 2003లో సెక్షన్ 135 కింద కరెంటు చౌర్యానికి మూడేళ్ల దాకా జైలు ఉంది. అనుమతి లేని వైరింగ్ బయటపడితే, కాదని తేలేదాకా వాడినవాడే దొంగతనం చేశాడని చట్టం అనుకుంటుంది. ఆ కనెక్షన్ బావగారి పేరు మీద ఉంది కాబట్టి కేసు కూడా ఆయన మీదే పడుతుంది, వైరు లాగినవాడు ఎక్కడున్నాడో ఎవరూ అడగరు. ఆ వైరు మీటరుకు ముందు కలిపాడా, తరవాత కలిపాడా అన్నది చాలా ముఖ్యం, ముందు కలిపితే ఆ కరెంటు మీటరు లెక్కలోకి రాదు. ఇవాళే ఫొటోలు తీసి, బెంగళూరు కరెంటు సంస్థ బెస్కాం హెల్ప్‌లైన్ 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఫలానా తేదీన ఫలానా కంపెనీ మనిషి మాకు తెలియకుండా ఈ వైరు కలిపాడని, తనిఖీ చేసి తీసేయమని సబ్‌డివిజన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. బెస్కాం వాళ్లు చూసేదాకా బావగారు దాన్ని ముట్టుకోవద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, డబ్బు పోగొట్టుకున్న మనిషే ముద్దాయిగా నిలబడటం కన్నా దారుణం ఇంకోటి ఉండదు.

సర్టిఫికెట్ల సంగతి త్వరగా ముగిస్తాను. చిన్న వ్యాపారాల నమోదుకు ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ ఎవరికి వాళ్లు ఆన్‌లైన్‌లో వివరాలు నింపి తీసుకునేది. జీఎస్టీ నంబరు పన్ను కోసం. ఈ రెండింటిలో ఎవరూ వస్తువును పరీక్ష చేయరు. పేటెంటు అంటున్నది చాలాసార్లు వట్టి అప్లికేషన్ అయి ఉంటుంది. అప్లికేషన్ పెట్టిన 18 నెలలకు పేటెంటు జర్నల్‌లో దానంతటదే అచ్చవుతుంది, దానర్థం పేటెంటు వచ్చిందని కాదు. పేటెంటు ఆఫీసు వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే ఏ దశలో ఉందో కనబడుతుంది. స్థిరపడిన ప్రకృతి సూత్రాలకు విరుద్ధమైన దానికి పేటెంటు ఇవ్వకూడదని 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎ) అంటుంది. రాని పేటెంటు వచ్చిందని చెప్పుకుంటే సెక్షన్ 120 కింద పది లక్షల దాకా జరిమానా.

డబ్బు విషయంలో రెండు మొత్తాలను కలపకండి. పెట్టెకు కట్టిన లక్షా ఎనభై వేలు ఇంటి వాడకానికి కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తుంది. 2019 చట్టం వచ్చాక కంపెనీ ఎక్కడున్నా సరే, బావగారు ఉండే చోటే కేసు వేయొచ్చు. అయిదు లక్షల లోపు ఫీజు లేదు. లాయరు లేకుండా ఆయనే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు, అంటే ఇంకా సమయం ఉంది. ‘వాపసు లేదు’ అని రసీదు మీద అచ్చు వేసుకున్నంత మాత్రాన, పనిచేయని వస్తువు అమ్మిన బాధ్యత నుంచి తప్పించుకోలేడు. పెట్టె సీలు తీయవద్దన్నది ఇందుకే. సెక్షన్ 38 కింద కమిషన్ దాన్ని సీలు చేసి ల్యాబ్‌కు పంపి రిపోర్టు తెప్పించగలదు. కరెంటు పరికరాలు పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపీఆర్ఐ మన సదాశివనగర్ దగ్గరే ఉంది, పరీక్ష అక్కడ చేయించమని అడగండి. మీరు ముందే తెరిస్తే ‘లోపల మీరే పాడు చేశారు’ అంటాడు, ఆ అవకాశం ఇవ్వకండి. తప్పుదోవ పట్టించే ప్రకటనలను చూసే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు కూడా ఒక ఫిర్యాదు పంపండి. మొదటిసారే పది లక్షల దాకా జరిమానా వేసే అధికారం దానికి ఉంది.

డీలర్‌షిప్ మూడు లక్షలను మాత్రం కమిషన్ ‘ఇది వ్యాపారం’ అని పక్కన పెట్టే అవకాశం ఎక్కువ. నెలకు ఇంత గ్యారంటీ అని చెప్పి జనం దగ్గర డిపాజిట్లు తీసుకోవడాన్ని 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం కింద పోలీసులు చూడాలి. దాంతోపాటు మోసానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4), శిక్ష ఏడేళ్ల దాకా. స్టేషన్లో ‘ఇది సివిల్ మేటరు’ అంటారు, వినగానే వెనక్కి రావద్దు. మొదటి రోజే అబద్ధం చెప్పి డబ్బు తీసుకున్నారన్నది మీ ఫిర్యాదులో మొదటి పేరాలో ఉండాలి. అదే మాట చెప్పి ఎంతమంది దగ్గర తీసుకున్నారో పేర్లతో జత చేయండి. స్టేషన్లో ఫిర్యాదు తీసుకోకపోతే డీసీపీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఆ తరవాత మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లొచ్చు. వాట్సాప్ మెసేజీలు, డెమో వీడియో ఉన్న ఫోను మార్చకండి. ఫోనులోని రుజువులను కోర్టు తీసుకోవడానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలంటే ఆ ఫోనే కావాలి.

బావగారు చేర్పించిన ఇద్దరి విషయం నొప్పించినా చెప్పక తప్పదు. కమీషన్ తీసుకున్నా తీసుకోకపోయినా, రేపు వాళ్లు కేసు పెడితే అందులో ఆయన పేరు కూడా ఉంటుంది. పెట్టె ఆగిపోయిందని తెలిశాక కూడా మౌనంగా ఉంటే, ఆయనకూ ముందే తెలుసనే అనుమానం వస్తుంది. ఇవాళే ఇద్దరికీ జరిగింది జరిగినట్టు రాసి పంపమనండి. కమీషన్ అందితే దాన్ని తిరిగి ఇచ్చేయమనండి. ముగ్గురూ కలిసి ఫిర్యాదు చేస్తే ముగ్గురికీ మంచిది. మన వాళ్లలో పరువు పోతుందని ఊరుకునేవాళ్లే ఎక్కువ. బియ్యం గింజలను లాగే మహిమ ఉందంటూ అమ్మే రైస్ పుల్లింగ్ చెంబులు, ‘మీ మేడ మీద టవర్’ ఫోన్లు ఇన్నేళ్లుగా నడుస్తున్నది ఆ మౌనం వల్లనే. బావగారిని ఇంట్లో ఎవరూ మాట అనకుండా చూసుకోండి. నలుగురిలో చులకనైతే ఆయన ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టరు.

ఇక మీకొచ్చిన నోటీసు. నోటీసు దావా కాదు, అయినా జవాబు ఇవ్వకుండా వదిలేయకండి. పరువునష్టాన్ని చెప్పే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356లోనే మినహాయింపులు ఉన్నాయి. లోకహితం కోసం చెప్పిన నిజం మొదటి మినహాయింపు. వినేవాళ్ల మేలు కోరి మంచి మనసుతో చేసిన హెచ్చరిక పదో మినహాయింపు. ఇరుగుపొరుగు అదే పెట్టె కొనబోతుంటే మీరు చెప్పింది దానికిందికే వస్తుంది. ఇకమీదట మాత్రం ‘దొంగలు’ లాంటి మాటలు వద్దు, పేరు పెట్టి సేల్స్ కుర్రాళ్లను తిట్టొద్దు. ‘ఇంత కట్టాం, ఇంత చెప్పారు, ఇన్ని రోజులు వెలిగింది, టెస్ట్ రిపోర్టు అడిగితే ఇవ్వలేదు’ అని రాయండి. జవాబు నోటీసులో కూడా పరీక్ష రిపోర్టు నకలు పదిహేను రోజుల్లో పంపమని అడగండి. వాళ్లు పంపకపోతే ఆ మౌనమే మీ ఫిర్యాదుకు ఒక అనుబంధం అవుతుంది.

ఈలోగా కంపెనీ మనిషి వచ్చి రిపేరుకనో, కొత్త మోడల్‌తో మార్చిస్తామనో పెట్టెను అడగొచ్చు. ఇవ్వకండి. సీరియల్ నంబరు, సీలు కనబడేలా నాలుగువైపులా ఫొటోలు తీసి, తూకం వేసి బరువు రాసుకుని, గుడ్డలో కట్టి బీరువాలో పెట్టి తాళం వేయండి.