మా ఊళ్ళో నూరేళ్ళ నాటి చర్చి శిథిలమవుతోంది. కూల్చి కొత్తది కట్టాలా, బాగుచేసి ఊరందరికీ ఉపయోగపడేలా చేయాలా?

కూల్చకండి. ఇంజనీరు రిపోర్టు కంటే ముందు సున్నం పని తెలిసిన మేస్త్రీ ఒకణ్ణి వెతికి పట్టుకోండి. పాత చర్చి గుడిని కూల్చమనేవాళ్ళలో సగం మంది సున్నంతో కట్టిన గోడను దగ్గర నుంచి చూసి ఉండరు. మిగతా సగం మందికి కొత్త బిల్డింగ్ కాంట్రాక్టు కావాలి.

మాది గుంటూరు జిల్లా. లూథరన్ మిషన్ ఈ ప్రాంతానికి 1842లో వచ్చింది, మా గుడి దానికి చాలా తర్వాతిది. మందపాటి ఇటుక గోడలు, టేకు దూలాల మీద మద్రాసు మిద్దె, అంటే ఇటుకలు పేర్చి పైన సున్నం కాంక్రీటు పరిచిన కప్పు. ఊరి బయట, దళితులుండే పల్లెలో ఉంటుంది. ఊరందరికీ ఉపయోగపడాలని మీరు సులువుగా రాశారు గానీ, మా దగ్గర అసలు చిక్కంతా అక్కడే. ఊరివాళ్ళు పల్లెలోకి కూలీలను పిలవడానికి వచ్చేవారు, ఓట్లకు వచ్చేవారు. గుడి మెట్లు ఎక్కినవాళ్ళు లేరు.

మా తాతల కాలంలో వారమంతా అది బడి. ఆదివారం బల్లలు పక్కకు జరిపి, చాపలు పరిచి ఆరాధన చేసేవాళ్ళట. సర్కారు బడి వచ్చాక ఆదివారం తప్ప మిగతా రోజులు తాళమే. ఇంగ్లండులో పల్లెటూరి చర్చిలకు జనం తగ్గిపోయి వాటిలో పోస్టాఫీసులూ కాఫీ కొట్లూ పెడుతున్నారని మా మేనల్లుడు అక్కణ్ణుంచి ఫొటోలు పంపుతుంటాడు. మన బాధ వేరు. ఆదివారం కూర్చోవడానికి చోటుండదు, సోమవారం పావురాలు తప్ప ఎవరూ ఉండరు.

మా గోడలకు జబ్బు తెచ్చింది సిమెంటు. ఎప్పుడో ఒక కాంట్రాక్టరు పాత సున్నం గచ్చు గీకేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేసి, ఇక మీ మనవల దాకా చూసుకోనక్కర్లేదన్నాడు. పునాది నుంచి ఎక్కే చెమ్మకు బయటికి పోయే దారి లేకుండా పోయింది. గోడకు ఉప్పు పొంగింది, ఇటుకలు పొడిపొడిగా రాలాయి. అప్పుడు అందరూ కూల్చేద్దాం అన్నారు.

సున్నం బట్టీలున్న ఊరు కదా అని పిడుగురాళ్ళ వైపు వెళ్ళి ఒక ముసలి మేస్త్రీని తీసుకొచ్చాం. ఆయన తాపీ పిడితో గోడను తట్టుకుంటూ గుడి చుట్టూ తిరిగాడు. డొల్లగా మోగినచోటల్లా బొగ్గుతో గీత పెట్టాడు. ఒకచోట సిమెంటు పెచ్చు ఊడదీసి సంఘ పెద్దల చేత లోపలి ఇటుక మీద చెయ్యి పెట్టించాడు. ఏప్రిల్ నెల, బావులు అడుగంటాయి, ఇటుక మాత్రం తడిగా ఉంది. "నీళ్ళు మీరే లోపల పెట్టి మూశారయ్యా" అన్నాడు.

పని మరుసటి సంక్రాంతి దాటాక మొదలైంది. సున్నం గానుగలోనే ఆడాలని మేస్త్రీ పట్టు. మిక్సర్‌లో వేస్తే కలుస్తుందే గానీ నలగదట. గుండ్రంగా కాలవ తవ్వి, రాతి చక్రం సంపాదించాం. లాగడానికి ఎడ్లు లేవు. జత ఎడ్లున్నది ఊళ్ళో ఒక్క రైతు దగ్గరే, అవీ బండలాగుడు పందేలకు మేపుతున్న ఒంగోలు జాతివి. పెద్దలు మొహమాటపడుతుంటే, ఆయన పొలంలో కూలికి వెళ్ళిన చనువుతో మా చిన్నమ్మ వెళ్ళి అడిగింది. "నా ఎడ్లను మీ చేతికివ్వను, నేనే తోలుకొస్తా" అన్నాడట.

అన్నట్టే వచ్చాడు. నానబెట్టిన సున్నం, ఇసుక, ఇటుక పొడి వేసి, కరక్కాయలూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళు పోస్తుంటే ఎడ్లు తిరుగుతున్నాయి. ఆ బెల్లం వాసనకు చీమలూ పిల్లలూ చేరారు. ఊరి పిల్లలు ఎడ్లను చూడటానికి వచ్చారు, వాళ్ళను వెతుక్కుంటూ తల్లులు వచ్చారు. మధ్యాహ్నం ఆయనకు ఇంటి నుంచి క్యారేజీ వచ్చింది. తర్వాత చిన్నమ్మ అందరితో పాటు ఆయనకూ స్టీలు గ్లాసులో టీ ఇచ్చింది. మేమందరం ఎటో చూస్తున్నట్టు నటించాం. తాగాడు. పంచదార ఎక్కువైందని గొణిగి గ్లాసు తిరిగిచ్చాడు. ఎండలు ముదిరాక గుడి వరండాలో, ఆ పైన లోపల బల్ల మీద నడుం వాల్చడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆయన మనవరాలు మా సాయంత్రం స్టడీ హాలుకు వస్తోంది, బండి మీద దింపేదీ ఆయనే.

కాంట్రాక్టరు వచ్చి వారంలో పని ముగించి పోయుంటే ఆ మనిషి మా గడప తొక్కేవాడే కాదు. అందుకే పని నెమ్మదిగా సాగాలంటాను, చేతులు ఎక్కువ పట్టాలంటాను. మిద్దె మీద సున్నం కాంక్రీటు పరిచి ఆడవాళ్ళు వరసగా కూర్చుని కొయ్య చెక్కలతో రోజుల తరబడి కొట్టారు, అందులో ఊరి ఆడకూలీలూ ఉన్నారు. మెదక్ చర్చి 1914 నుంచి 1924 దాకా కట్టారు, కరువులో జనానికి పని ఇచ్చి తిండి పెట్టిన కట్టడం అది. త్వరగా కట్టేసి ఉంటే ఎవరు గుర్తుపెట్టుకునేవారు?

ఇక డబ్బు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళు పంపేది విదేశీ విరాళం కింద లెక్క. సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకోకూడదు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఆ గొడవ లేదు. స్థలం కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో కూడా చూసుకోండి. మిషన్ ఆస్తులు మామూలుగా ట్రస్టుల పేరున ఉంటాయి, రాతపూర్వకంగా అనుమతి లేకుండా ఇటుక కదపకండి.

దాతలిచ్చేది దేనికనుకున్నారు? పాలరాయికి, గోపురం మీద లైట్లకు, పేరు చెక్కిన రాయికి. మైకు సెట్టయితే అడక్కుండానే పంపిస్తారు. పదో తరగతి పిల్లలు లోపల చదువుకుంటుంటే బయటికి తిప్పిన స్పీకర్లు ఎవరి కోసమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కళ్ళ పరీక్షల శిబిరం పెట్టినప్పుడు ముసలమ్మలు అడిగింది దొడ్డి ఎక్కడని. మరుగుదొడ్డి మీద పేరు రాయించుకునే దాత ఒక్కడూ దొరకలేదు. చివరికి మిరప కోతల కూలీలు వేసిన కానుకలతో కట్టాం. మీరు మాత్రం కప్పు తర్వాత అదే కట్టండి, రంగులు తర్వాత.

బలిపీఠం ముందు తెర వేస్తే మిగతాదంతా హాలే. డ్వాక్రా మీటింగులు అక్కడే జరుగుతున్నాయి. పార్టీ మీటింగులకు ఇవ్వకూడదని తీర్మానం రాసుకున్నాం. మొన్న అకాల వానలకు ఊరి రైతులు మిర్చి బస్తాలు లోపల దించుకుంటామని వస్తే తాళం తీసిచ్చాం. ఆ ఆదివారం ఆరాధనంతా తుమ్ములే, పాస్టరు అయ్యగారు ప్రసంగం సగంలో ఆపేశారు. మళ్ళీ వాన వస్తే ఇవ్వాలా వద్దా అన్న దాని మీద సంఘం రెండుగా చీలి ఉంది. నేను ఇవ్వాలనే పక్షం.