ఊళ్లో క్యాన్సర్లు ఎక్కువయ్యాయా? ముందు లెక్క చూడండి

ప్రశ్న: పరకాల దగ్గర మాది మూడు వేల జనాభా ఉన్న ఊరు. ఐదేళ్లలో తొమ్మిది మందికి క్యాన్సర్ వచ్చింది. బోరు నీళ్ల వల్లేనని కొందరు, పత్తికి కొట్టే మందుల వల్లేనని కొందరు అంటున్నారు. నీళ్లు పరీక్షకు పంపాలా?
– ఒక పాఠకుడు, హనుమకొండ జిల్లా

జవాబు: నీళ్లు పంపే ముందు ఒక నోటుపుస్తకం తీయండి. 2022లో దేశంలో కొత్తగా బయటపడిన క్యాన్సర్లు లక్ష జనాభాకు సుమారు 100 అని అంచనా. ఆ లెక్కన మూడు వేల మందిలో ఏడాదికి మూడు, ఐదేళ్లకు పదిహేను. మీ తొమ్మిది అంతకన్నా తక్కువే. అయితే దీంతో నిశ్చింత పడకండి. పల్లెల్లో రేటు తక్కువగా కనిపించడానికి ఒక కారణం, పరీక్ష దాకా వెళ్లకుండానే చనిపోయేవాళ్లు ఉండడం. 'కామెర్లతో పోయిండు' అన్న మరణాల్లో కొన్ని క్యాన్సర్లే కావచ్చు. 2020 జాతీయ క్యాన్సర్ నివేదికలో తెలంగాణ నుంచి హైదరాబాద్ జిల్లా లెక్క మాత్రమే ఉంది. నగరం రేటు తెచ్చి మీ ఊరికి అతికించకూడదు.

పుస్తకంలో ఒక్కొక్కరికి ఒక్కో వరుస: ఆడా మగా, జబ్బు బయటపడ్డప్పటి వయసు, ఏ అవయవం, బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) అయిన నెల, ఊళ్లో ఎన్నేళ్లుగా ఉంటున్నారు, తంబాకు, బీడీ, అంబర్, గుట్కా అలవాటు. పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. కాలేయానికి పాకిన రొమ్ము క్యాన్సర్‌ను లివర్ క్యాన్సర్‌గా రాస్తారు. అది మొదలైన చోటే రాయాలి. బయాప్సీ కాగితం చూడండి. జబ్బు బయటపడ్డ ఏడాది ఒకసారి, చనిపోయిన ఏడాది మరోసారి లెక్కించవద్దు. పెళ్లయి వేరే ఊళ్లో ఉంటున్న ఆడబిడ్డను కలపవద్దు. హైదరాబాద్‌లో బంధువుల అడ్రసు ఇచ్చి వైద్యం చేయించుకున్న మీ ఊరివాళ్లను మాత్రం వదలవద్దు. పేర్లు వాట్సాప్‌లో పెట్టకండి. ఆ కుటుంబాల పిల్లల సంబంధాలు చెడతాయి.

తొమ్మిదీ రకరకాలైతే, అంటే నోరు, రొమ్ము, గర్భసంచి మూతి, కడుపు ఇలా ఉంటే, ఒకే కారణం ఉండే అవకాశం తక్కువ. ఒకే అవయవంలో నాలుగైదు ఉన్నా, నలభై లోపువాళ్లలో అరుదైన రకం మళ్లీ మళ్లీ కనిపించినా, ఆ పట్టిక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారికి ఇచ్చి, జిల్లా వైద్యాధికారికి రాయమని అడగండి. చాలా క్యాన్సర్లు తయారవడానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతుంది కాబట్టి నిరుడు వేసిన బోరును అనుమానించలేం.

నీళ్లు చూపించడం మంచిదే, కానీ దేనికో తెలిసి చూపించాలి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే దెబ్బతినేది పళ్లు, ఎముకలు. క్యాన్సర్ అనుమానంతో చూడాల్సింది ఆర్సెనిక్ అనే విషపదార్థం. దాని హద్దు 0.01 మిల్లీగ్రాము. పురుగుమందుల విషయానికొస్తే, 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మలాథియాన్ అనే పురుగుమందును, గ్లైఫోసేట్ అనే కలుపుమందును 'బహుశా క్యాన్సర్ కారకాలు' అన్న వర్గంలో చేర్చింది. మీ ఊరి తొమ్మిది కేసులకు అవే కారణమని దాన్నిబట్టి చెప్పలేం. కానీ చేతి తొడుగులు లేకుండా మందు కలపడం ఈరోజే ఆపాలి.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు, బీడీలు చుడతాను. ఏఎన్‌ఎం అమ్మ వెనిగర్ పరీక్షకు రమ్మంటోంది. పదిహేనేళ్ల కిందే గర్భసంచి తీశారు. ఇంకా అవసరమా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: వెనిగర్ పరీక్ష గర్భసంచి మూతి క్యాన్సర్ కోసం కాబట్టి, ఆ మూతి కూడా తీసేశారా లేదా అన్నదే అసలు విషయం. ఆపరేషన్ కాగితం ఉంటే చూపించండి. లేకుంటే డాక్టరమ్మ లోపల చూసి చెప్పేస్తుంది. క్యాన్సర్, దాని ముందు దశ కాకుండా వేరే కారణంతో మూతితో సహా తీసేసి ఉంటే ఆ పరీక్ష అక్కరలేదు. మూతి ఉంచి ఉంటే చేయించుకోండి. 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం పూసి నిమిషం ఆగి తెల్ల మచ్చ వస్తుందా చూస్తారు. మచ్చ వచ్చిందంటే క్యాన్సర్ అని కాదు. ముట్లు ఆగాక మచ్చలు వచ్చే భాగం మూతి లోపలికి జరుగుతుంది కాబట్టి కొన్ని మచ్చలు కనబడవు. మీ వయసులో హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్) పరీక్ష దొరికితే అది మేలు.

ఎలాగైనా వెళ్లండి. రొమ్ములు, నోరు కూడా అక్కడే చూస్తారు. నోరు ఇంట్లో ఫోన్ లైటుతోనూ చూసుకోవచ్చు: తెల్లటి, ఎర్రటి మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, మూడు వేళ్లు నిలువుగా పట్టనంతగా నోరు తెరుచుకోకపోవడం. వీటిలో ఏ ఒక్కటున్నా పళ్ల డాక్టరుకు చూపించండి.