వందలో 73 మంది... మా నాన్నగారు ఎటువైపు?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. కూకట్‌పల్లిలో ఉంటాం. పోయిన నెల పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. మూడో దశ అన్నారు. వచ్చే వారం కీమోథెరపీ మొదలు. ఎన్నాళ్లు ఉంటారని అడిగితే డాక్టరుగారు సూటిగా చెప్పడం లేదు. ఫోనులో వెతికితే ‘ఐదేళ్ల మనుగడ 73 శాతం’ అని కనిపించింది. అంటే ఐదేళ్లేనా? అమెరికా లెక్కలు మనకు పనికొస్తాయా? నాన్నగారికి ఇంకా ఏమీ చెప్పలేదు.

జవాబు: ముందు ఆ ‘ఐదేళ్ల’ భయం తీరుద్దాం. అది ఆయుష్షుకు పెట్టిన గడువు కాదు. జబ్బు బయటపడ్డ ఐదేళ్లకు ఎంతమంది బతికి ఉన్నారని చూసిన లెక్క. వాళ్లలో చాలామంది ఆ తరువాత కూడా హాయిగా ఉంటారు. లెక్కపెట్టినవారు ఐదో ఏట ఆగారు, అంతే. ఐదే ఎందుకంటే, పెద్దపేగు క్యాన్సర్ తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే తిరగబెడుతుంది.

మీకు కనిపించిన 73 బహుశా అమెరికా క్యాన్సర్ రిజిస్ట్రీది, అంటే రోగుల వివరాలు నమోదు చేసే వ్యవస్థది. వాళ్లు రోగులను మూడు బుట్టల్లో వేస్తారు: పేగులోనే ఉన్నది, పక్కకు పాకినది, దూరపు అవయవాలకు చేరినది. 73 మధ్య బుట్టది. అందులో మూడో దశవారితో పాటు రెండో దశవారు కూడా కొందరు ఉంటారు. పైగా ఐదేళ్ల ఫలితం తెలియాలంటే ఐదేళ్లు ఆగాలి కదా! ఈ రోజు మీ ఫోనులో కనిపించే అంకె, ఎప్పుడో చికిత్స మొదలైన వాళ్లది.

మీ డాక్టరుగారు దాటవేస్తున్నారని నేను అనుకోను. ‘మూడో దశ’ అన్న ఒక్క మాట మీద డాక్టర్లం ఎవరమూ ఏమీ చెప్పలేం. ఆపరేషన్‌లో తీసిన పేగు భాగాన్ని పరీక్షించి ఇచ్చిన పాథాలజీ రిపోర్టు తీయండి. గడ్డ పేగు గోడలో ఎంత లోతుకు వెళ్లింది, పేగు పక్కనుండే లింఫ్ గ్రంథులను ఎన్నింటిని పరీక్షించారు, వాటిలో ఎన్నింటిలో క్యాన్సర్ ఉంది అనేవి అందులో ఉంటాయి. కనీసం 12 గ్రంథులను చూసి ఉండాలి. ఐదారే చూసి ఉంటే ఆ దశ నిర్ధారణనే నేను పూర్తిగా నమ్మను.

ఈ వివరాలు ఎంత తేడా తెస్తాయో చూడండి. మూడో దశ రోగులు 12 వేల మందికి పైగా పాల్గొన్న ఆరు అధ్యయనాల ఫలితాలను కలిపి 2018లో ప్రచురించారు. సోకిన గ్రంథులు మూడుకు మించకుండా, గడ్డ పేగు గోడ పైపొరను దాటకుండా ఉన్నవారిలో మూడేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు సుమారు 83 శాతం. నాలుగు, అంతకు మించి గ్రంథులు సోకినా, గడ్డ పైపొరను చీల్చుకుని వచ్చినా అది 63 దగ్గరికి దిగింది. దశ ఒకటే, అంకెలు రెండు!

ఆ అధ్యయనం అసలు జరిగింది ఆయుష్షు చెప్పడానికి కాదు. కీమో ఆరు నెలలు ఇవ్వాలా, మూడు సరిపోతాయా అని తేల్చడానికి. మొదటి గుంపులో, ముఖ్యంగా ఇంజెక్షనుతో పాటు మాత్రలు వాడే పద్ధతిలో, మూడు నెలలకూ ఆరు నెలలకూ దాదాపు తేడా రాలేదు. మూడు నెలలు తగ్గితే చేతివేళ్ల, అరికాళ్ల తిమ్మిర్లు బాగా తగ్గుతాయి. చొక్కా గుండీలు పెట్టుకోలేక విసుక్కునే పెద్దవాళ్లను రోజూ చూస్తాను కాబట్టి నాకు ఇది చిన్న విషయం కాదు. మేము గణాంకాలను ఎక్కువగా వాడేది ఇలాంటి చోటే.

ఇక అమెరికా, మనం. 2018లోనే వచ్చిన ఒక అంతర్జాతీయ పరిశీలనలో రొమ్ము క్యాన్సర్‌కు ఐదేళ్ల మనుగడ అమెరికాలో 90 శాతం, మన దేశంలో 66. మన ఒంటి తీరు వేరని కాదు. ఆలస్యంగా రావడం, చికిత్స మధ్యలో మానేయడం పెద్ద కారణాలు. మన దగ్గర నిమ్స్‌లో హైదరాబాద్ జిల్లా క్యాన్సర్ రిజిస్ట్రీ ఉంది. కానీ కొత్త కేసులు నమోదు చేయడం ఒక ఎత్తు, ఇల్లు మారి, ఫోను నంబరు మార్చిన మనిషి ఐదేళ్ల తరువాత ఎలా ఉన్నారో కనుక్కోవడం మరో ఎత్తు. మీ నాన్నగారికి ఆపరేషన్ అయిపోయింది, కీమో రెండు నెలల లోపే మొదలవుతోంది. కోర్సు ఆపకుండా పూర్తి చేయిస్తే ఆ రెండు కారణాల్లో ఒకటి మీ చేతిలో ఉన్నట్లే.

వచ్చే వారం ‘ఎన్నాళ్లు’ అని అడగకండి. ‘ఈ రిపోర్టు ప్రకారం తిరగబెట్టే అవకాశం ఎంత, కీమో దాన్ని ఎంత తగ్గిస్తుంది, మూడు నెలలా ఆరా’ అని అడగండి. సూటిగా జవాబు వస్తుంది. రెండేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా గడిస్తే మళ్లీ అడగండి, అప్పటి అంకె ఇప్పటికంటే మెరుగ్గా ఉంటుంది.

చివరి విషయం. నా గది తలుపు దగ్గర ‘నాన్నగారికి చెప్పొద్దు’ అని సైగ చేయని కొడుకులు తక్కువ. కీమో సీసా ఎక్కుతుంటే ఆయనకు తెలియకుండా ఉంటుందా? అంకెలన్నీ ఆయన ముందు పరచనక్కరలేదు. ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో ఆయననే అడిగి, ఈసారి డాక్టరు గదిలోకి వెంట తీసుకెళ్లండి.