నాన్న గొంతు విని గుండె సంగతి చెప్పే యాప్ నమ్మొచ్చా?

ప్రశ్న: మా నాన్నకు 67 ఏళ్లు. అల్లూరు దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటూ ఊళ్లోనే ఉంటారు. గుండె సరిగా పనిచేయడం లేదని, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని చెబితే ఆమధ్య నెల్లూరులో ఆస్పత్రిలో చేర్చాం. నేనుండేది బెంగళూరులో. రోజూ అర నిమిషం మాట్లాడితే గుండె పరిస్థితి చెప్పే యాప్ ఒకటి కనిపించింది. వేయించమంటారా? ఆయన వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు సరిపోతాయా?
– ఒక పాఠకురాలు

జవాబు: విషయం ఉత్తుత్తిది కాదమ్మా. ఊపిరితిత్తుల్లో నీరు చేరేకొద్దీ ఆయాసం వస్తుంది, మాట మధ్యమధ్యలో ఆగుతుంది, గొంతు తీరూ మారుతుంది. మన చెవికి అందని తేడాల్ని సాఫ్ట్‌వేర్ పట్టుకోగలదు. ఇజ్రాయెల్‌కు చెందిన కార్డియో మెడికల్ అనే కంపెనీ ఇలాంటి యాప్ చేసింది. పేషెంటు రోజూ కొన్ని వాక్యాలు చెప్పాలి. 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో 40 మంది గొంతుల్ని ఆస్పత్రిలో చేరినప్పుడు ఒకసారి, నీరు తగ్గి ఇంటికెళ్లేటప్పుడు మరోసారి రికార్డు చేస్తే తేడా తెలిసింది. నలభై మందంటే చిన్న లెక్కే అనుకోండి.

ఇందులో ఆయన గొంతును పోల్చేది పక్కింటాయన గొంతుతో కాదు, ఒంట్లో కులాసాగా ఉన్న రోజుల్లోని ఆయన గొంతుతోనే. అందుకని వేసిన మొదటి రోజే ‘మీ గుండె 82 శాతం భేష్’ అని మార్కులు వేసే యాప్ అయితే అప్పుడే తీసేయండి.

వాట్సాప్ మెసేజ్‌లు వద్దు. అది ఆడియోను కుదించి పంపుతుంది. పాత తరహా 2జీ ఫోన్ కాల్ అయితే మరీ అన్యాయం, సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ధ్వనే అవతలికి వస్తుంది. పైగా చెరువు గట్టు మీద నీటిలో గాలి కలిపే ఏరేటర్ల మోత! ఆ రొదను తీసేయబోయి ఫోను ఊపిరి చప్పుడును కూడా కోసేస్తుంది. మనకు కావలసిందే ఆ చప్పుడు. రికార్డు చేస్తే పొద్దున్నే, ఇంట్లో, ఫ్యాన్ ఆపి, ఫోను రోజూ అంతే దూరంలో పెట్టి చేయాలి.

ఇంకో మాట. అలర్ట్ వస్తే చూసేదెవరు? మీ డాక్టరు చూడకపోతే ఆ యాప్ మీ కంగారు పెంచడానికే పనికొస్తుంది. నన్నడిగితే ముందు ఒక డిజిటల్ బరువు మిషన్ కొనివ్వండి. ఒంట్లో నీరు చేరితే బరువు పెరుగుతుంది. పొద్దున లేచి బాత్‌రూమ్‌కు వెళ్లొచ్చాక, టిఫిన్‌కు ముందు చూసుకుని క్యాలెండర్ మీద రాయాలి. చెరువులో ఆక్సిజన్ లెక్క రాసుకునే మనిషికి ఇదేం కొత్త కాదు. ఒక్క రోజులో కిలోకు మించి, లేదా వారంలో రెండు కిలోలకు మించి పెరిగినా, పాదాలు వాచినా, పడుకుంటే ఊపిరాడక ఇంకో దిండు అడిగినా ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. ఒంట్లో నీరు తగ్గించే మాత్రల డోసు మాత్రం సొంతంగా మార్చొద్దు. కూర్చున్నా ఊపిరాడకపోతే 108.

గొంతు కూడా కనిపెట్టాలనుకుంటే, రోజూ కాల్‌లో ఒక్క గుక్కలో ఒకటి నుంచి అంకెలు చెప్పించండి. మామూలుగా ముప్పై దాకా వెళ్లే మనిషి రెండు రోజులుగా పద్దెనిమిది దగ్గరే ఆగిపోతుంటే అదీ డాక్టరుకు చెప్పదగ్గదే.

ప్రశ్న: పది సెకన్లు ‘ఆ’ అంటే చాలన్న యాప్‌లో మా పెద్దాయనకు పార్కిన్సన్స్ (చేతులు వణికి, నడక మందగించే నరాల జబ్బు) ఉండొచ్చని వచ్చింది. నిజమా?
– సింగరాయకొండ పాఠకుడు

జవాబు: ‘ఆ’ పరీక్ష బూటకం కాదు. 2012లో గణిత శాస్త్రవేత్త మాక్స్ లిటిల్ ఫోన్ కాల్స్ ద్వారా ఇలాంటి గొంతులే సేకరించారు. స్వరతంతువుల కంపనంలో నిలకడ తప్పడమే అందులో ఆధారం. అయితే జలుబు, వయసు, బీడీలు కూడా గొంతును మారుస్తాయి. స్క్రీన్‌షాట్ పట్టుకుని బెంబేలు పడకండి. ఆయన నడిచేటప్పుడు, కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు వీడియో తీసి న్యూరాలజిస్టుకు చూపించండి. యాప్ ఉంచుకుంటానంటారా, మైక్ అనుమతి ‘వాడుతున్నప్పుడు మాత్రమే’కి మార్చండి.