వాషింగ్ మెషీన్‌ని పడుకోబెట్టి తీసుకెళ్లొచ్చా?

ఇల్లు మారుతున్నారు, ఫ్రంట్ లోడ్ మెషీన్‌ని వ్యాన్‌లో పడుకోబెట్టొచ్చా అని అడిగారు. వద్దు, నిలబెట్టే తీసుకెళ్లండి. లోపల డ్రమ్ము స్ప్రింగులకు వేలాడుతూ ఉంటుంది. గతుకుల్లో ఊగి బాడీకి కొట్టుకుంటే స్ప్రింగులు ఊడిపోవచ్చు, షాక్ అబ్జార్బర్లు దెబ్బతినొచ్చు. కొత్తగా కొన్నప్పుడు వెనకవైపు పొడవాటి బోల్టులు, మామూలుగా నాలుగు, వస్తాయి. డ్రమ్ము కదలకుండా పట్టేవి అవే, తీసుకెళ్లే ముందు మళ్లీ బిగించండి. వాటిని ఇన్‌స్టాలేషన్ రోజే పారేసేవాళ్లే ఎక్కువ! మీ దగ్గర అవి లేకపోతే మోడల్ నంబర్ చెప్పి సర్వీస్ సెంటర్‌లో అడగండి.

ముందురోజే ట్యాప్ కట్టేసి, ప్లగ్ తీసేయండి. ముందువైపు కింద మూలన చిన్న మూత ఉంటుంది. దాని వెనకున్న ఫిల్టర్‌ని కొంచెం కొంచెంగా తిప్పుతూ నీళ్లు పళ్లెంలోకి వదలండి. అంతా అయిపోయిందనుకున్నాక పైపుల్లోంచి మరో గ్లాసెడు కారుతుంది, పాతగుడ్డ దగ్గర పెట్టుకోండి.

బరువు 60 కిలోలు దాటొచ్చు కాబట్టి ఇద్దరు కావాలి. తలుపు పట్టుకుని మాత్రం ఎత్తకండి. టాప్ లోడ్ అయితే డ్రమ్ము చుట్టూ ఉన్న సందులో పాత దుప్పటి కుక్కితే చాలావరకు సరిపోతుంది.

కొత్త ఇంట్లో ఆ బోల్టులు తీశాకే ఆన్ చేయండి. మర్చిపోతే స్పిన్‌లో మెషీన్ గదంతా గెంతుతుంది.