లైను అదే, బరువే తగ్గుతుంది

ప్రశ్న: నెట్ వేగాన్ని 5 రెట్లు పెంచుతామని కొన్ని వెబ్ యాక్సిలరేటర్ సర్వీసులు చెప్పుకుంటాయి. కనెక్షన్ మార్చకుండా అదెలా సాధ్యం?

జవాబు: కనెక్షన్ వేగం పెరగదు, దాని మీదుగా వచ్చే సరుకు తగ్గుతుంది. మీ బ్రౌజర్‌కూ వెబ్‌సైట్‌కూ మధ్య ఆ సంస్థ ప్రాక్సీ సర్వర్ ఉంటుంది. పేజీని ముందు అది తెచ్చుకుని, కుదించి, మీకు పంపుతుంది.

అక్షరాలూ కోడూ జిజిప్ అనే కుదింపు పద్ధతితో మూడో వంతుకో నాలుగో వంతుకో దిగుతాయి, ఒక్క అక్షరమూ పోదు. అసలు కిటుకంతా ఫొటోల్లోనే. జేపెగ్ ఫొటో ముందే కుదించి ఉంటుంది కనుక ఇంకా తగ్గాలంటే నాణ్యత కోసెయ్యాల్సిందే. ఫోన్ లైను మీదుగా నెట్ కలిపే పాత 56 కేబీపీఎస్ డయలప్‌లో నిజంగా అందేది సెకనుకు సుమారు 5 కిలోబైట్లు. 300 కిలోబైట్ల ఫొటోకు నిమిషం పడుతుంది. దాన్నే 60 కిలోబైట్లకు దించితే 12 సెకన్లు. ఆ ‘5 రెట్లు’ ఇక్కడిదే! ఫొటోలో ముఖం అంచులు గళ్లుగళ్లుగా మసకబారడమూ ఇందువల్లే. జిప్ ఫైళ్లకూ ఆన్‌లైన్ ఆటలకూ ఏ లాభమూ ఉండదు.

కొన్ని సర్వీసులు మీరు నొక్కబోయే లింకులను ఊహించి ముందే తెచ్చిపెడతాయి. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ ఇలాగే కొన్ని వెబ్ అప్లికేషన్లలోని ‘డిలీట్’ లింకులను కూడా తెరిచేసింది. దాచుకున్న సమాచారం చెరిగిపోయింది. తుడిచేసే పనిని మామూలు లింకుకు తగిలించినవాళ్ల తప్పూ అందులో ఉందనుకోండి.

ప్రశ్న: నాది బ్రాడ్‌బ్యాండ్. డబ్బు కట్టి ఇలాంటి సర్వీసు తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఇప్పుడు సైట్లు చాలావరకు హెచ్‌టీటీపీఎస్‌లోనే, అంటే తాళం వేసిన రూపంలో వస్తాయి, లోపలేముందో మధ్యనున్న ప్రాక్సీకి కనబడదు, కాబట్టి కుదించడం దాని వల్ల కాదు. కనబడాలంటే ఆ ప్రాక్సీని నమ్మమని బ్రౌజర్‌కు చెప్పే దాని సర్టిఫికెట్ మీ కంప్యూటర్లో పెట్టుకోవాలి. అప్పుడు మీ పాస్‌వర్డులూ దాని కళ్లముందు నుంచే వెళ్తాయి. పైగా కుదింపు పనిని సైట్లే చేసుకుంటున్నాయి. సీడీఎన్ అనే, పలు ఊళ్లలో ఉండే సర్వర్లలో పేజీల నకళ్లు పెట్టి దూరాన్నీ తగ్గిస్తున్నాయి. ఇలాగే పేజీలను కుదించి పంపే, క్రోమ్ బ్రౌజర్‌లోని లైట్ మోడ్‌ను గూగుల్ 2022లో ఆపేసింది కూడా.

పేజీ నెమ్మదిగా వస్తుంటే క్రోమ్‌లో ఎఫ్12 నొక్కండి. నెట్‌వర్క్ ట్యాబ్‌లో ‘డిజేబుల్ క్యాష్’ (ముందే దాచుకున్న నకలు వాడకుండా ఆపేది) టిక్ పెట్టి, పేజీని మళ్లీ లోడ్ చేయండి. మొదటి వరుసను నొక్కి ‘టైమింగ్’ చూడండి. ‘వెయిటింగ్ ఫర్ సర్వర్ రెస్పాన్స్’ దగ్గరే సమయం పోతుంటే జాప్యం సైటు సర్వర్‌దో దూరానిదో. ‘కంటెంట్ డౌన్‌లోడ్’ దగ్గర పోతుంటే ముందు మీ వైఫైని అనుమానించండి. కేబుల్‌తో నేరుగా రూటర్‌కు కలిపి మరోసారి చూడండి.