కాప్టిక్ మహిళ ఈజిప్టులో పైకి రాగలదా? షుబ్రాలో నేను చూసింది

ఈజిప్టులో కాప్టిక్ క్రైస్తవ స్త్రీ రాజకీయాల్లో, న్యాయరంగంలో నిలబడగలదా, ముస్లింలకీ క్రైస్తవులకీ మధ్య ఆమె మాట చెల్లుతుందా అని ఒకరు అడిగారు. మావారి ఉద్యోగం వల్ల 2018 నుంచి మూడేళ్ళు కైరోలో ఉన్నాం. కాప్టులు, అంటే ఈజిప్టులో అనాదిగా ఉన్న క్రైస్తవులు, ఎక్కువగా ఉండే షుబ్రా పేటలో ఇల్లు. నాకు తెలిసింది చెబుతాను.

పదవులైతే వస్తున్నాయి. మేం వెళ్ళిన ఏడాదే ఆగస్టులో మనాల్ అవద్ మిఖాయిల్ అనే పశువైద్యురాలు దమియెట్టా అనే ప్రాంతానికి గవర్నరయింది. ఆ హోదాలో మొదటి క్రైస్తవ మహిళ ఆమే. (అక్కడ గవర్నరంటే మన రాష్ట్ర గవర్నరు లాంటి పదవి కాదు, కలెక్టరుకి దగ్గరగా ఉంటుంది.) 2024లో మంత్రి కూడా అయింది. అంతకు చాలా ముందే, 1990 నుంచి 95 వరకు, రాజనీతిశాస్త్ర ప్రొఫెసరు మోనా మక్రమ్ ఎబైద్ పార్లమెంటులో ఉంది. వఫ్ద్ పార్టీ పాత నాయకుడు మక్రమ్ ఎబైద్ కుటుంబం ఆమెది. "మతానికి క్రైస్తవుణ్ణి, దేశానికి ముస్లింని" అన్న మాట ఆయనదేనని అక్కడ అందరూ చెప్పుకుంటారు.

మా పైఅంతస్తు ఆంటీకి మాత్రం ఈ పేర్లంటే పెద్ద ఉత్సాహం లేదు. కుడిచేతి మణికట్టు మీద చిన్న సిలువ పచ్చబొట్టు ఉన్న పెద్దావిడ. "వాళ్ళని అధ్యక్షుడు కూర్చోబెట్టాడు, కూర్చున్నారు. హుదా అలా కాదు" అనేది.

హుదా నస్రల్లా మానవహక్కుల లాయరు. తండ్రి పోయాక ఆస్తి పంపకం వచ్చింది. అక్కడ క్రైస్తవుల వారసత్వానికి కూడా కోర్టులు ఇస్లామిక్ పద్ధతే వాడతాయి. కొడుక్కి రెండు పాళ్ళు, కూతురికి ఒకటి. ఆమె వాదన తేలికగా అర్థమయ్యేదే: 2014 రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం క్రైస్తవుల కుటుంబ విషయాలకి వాళ్ళ మతసూత్రాలే ఆధారం, కాప్టిక్ చర్చి 1938 నాటి నియమావళిలో కొడుకూ కూతురూ సమానం, మరి నాకు సగమెందుకు? ఇస్లాంని ఒక్క మాట అనలేదు, మీ చట్టం మీకు, మాది మాకు అంది. మతాల మధ్య అవగాహన అని సభల్లో చెప్పేదానికంటే ఇదే నాకు గట్టిగా అనిపించింది. రెండు కోర్టులు కాదన్నాక, 2019 నవంబరులో కైరో కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. దానితో చట్టమేమీ మారిపోలేదు. ఇంకో కూతురు అడగాలంటే మళ్ళీ కోర్టు మెట్లెక్కాల్సిందే.

ఆ కేసులో ఆంటీకి బాగా నచ్చింది తీర్పు కాదు, హుదా అన్నదమ్ములు. తమ వాటా తగ్గుతుందని తెలిసీ వాళ్ళు ఆమె వెంటే నిలబడ్డారు.

"మీ దేశంలో ఎలా?" అని అడిగింది. మా రాష్ట్రంలో ఎన్టీఆర్ 1985లోనే హిందూ ఆడపిల్లలకి ఆస్తిలో సమానహక్కు తెచ్చారని కొంచెం గర్వంగానే చెప్పాను. "అయితే నీ వాటా తీసుకున్నావా?" అంది. లేదు, పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం కదా అని రిజిస్ట్రారాఫీసులో సంతకం పెట్టించుకున్నారన్నాను.

"మరి మీ అన్న?"

వెళ్ళడానికీ రావడానికీ ఆటో డబ్బులు ఆయనే ఇచ్చాడని చెప్పాను.